యాభై మాటల్లో ఐదు

చి.ల.సౌ. అమ్మలుకి,

నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. దీన్ని ఎత్తక్కర్లేదు, తీరిక దొరికినప్పుడు చదువుకోవచ్చు.

పెద్ద విశేషాలేమీ లేవు. కొబ్బరి దింపు మొన్ననే అయింది. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. మీ అమ్మకి మోకాలి నొప్పి కాస్త నయం. రాజోలు అత్తయ్య ఆదివారం వచ్చి వెళ్లింది. మీ బావ నిన్ను మాదాపూర్‌లో చూశాడట. బుధవారం పొద్దున పదకొండింటికి, మెడలో ఆఫీసు కార్డు లేకుండా, చేతిలో కూరగాయల సంచితో. ఆవిడ ఇంకా ఏదో అంది కానీ నేను పట్టించుకోలేదు. ఉద్యోగమన్నాక సెలవు పెట్టుకోరా అన్నాను. మీ అమ్మ మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదు.

సరే, నేను రాయాలనుకున్నది అది కాదు. నువ్వు గ్రూపులో పెట్టిన కాగితం గురించి. మీ ఆఫీసుకి ఎవరో ట్రైనర్ వచ్చాడనీ, యాభై మాటలిచ్చి ఐదు ఎంచుకోమన్నాడనీ, దాంతో ఎవరి విలువలేమిటో తేలుతుందనీ రాశావు. స్వేచ్ఛ, భద్రత, విజయం, గుర్తింపు, సాహసం, ఇలాంటివి. మమ్మల్నీ చెప్పమన్నావు. అన్నయ్య నిమిషంలో ఐదు కొట్టి బొటనవేలు బొమ్మ పెట్టాడు. వాడికేం, ఏ ఫారమైనా అలాగే నింపుతాడు. మీ అమ్మ "పాలు పొంగుతున్నాయి, తర్వాత చెబుతా" అని వాయిస్ మెసేజ్ పెట్టింది. ఆ తర్వాత నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. తన మాటకి నొచ్చుకున్నావేమోనని ఆవిడ దిగులు. పాలు నిజంగానే పొంగాయి, నేను సాక్షిని. తర్వాత ఆ జాబితా నా చేత చదివించుకుంది కూడా. ఆరోగ్యాన్ని ముప్పై ఏడో మాటగా పెట్టారని తెలిసి, ఆ ట్రైనర్‌కి పెళ్లయిందా అని అడిగింది.

నీ ఐదింట్లో మొదటిది స్వేచ్ఛ. దానిమీద నాకేం పేచీ లేదు. అయితే సర్వీసంతా పిల్లలకి రాజ్యాంగ పీఠిక చెప్పినవాణ్ణి, ఊరుకోలేను. ఆ పేజీ రాగానే "స్వేచ్ఛంటే ఏంట్రా" అని అడిగేవాణ్ణి. "ఇష్టమొచ్చినట్టు ఉండటం సార్" అనేవాళ్లు. మరి పీఠిక రాసినవాళ్లు ఆ మాటని అలా గాలికి వదిలెయ్యలేదు. ఆలోచన, భావప్రకటన, విశ్వాసం, ధర్మం, ఆరాధన అని విడమరిచారు. న్యాయం అని ఊరుకోకుండా సామాజిక, ఆర్థిక, రాజకీయ న్యాయం అన్నారు. సమానత్వం దేనిలో? అంతస్తులో, అవకాశాల్లో. ఆపైన అంబేద్కర్ గారు 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం మూడింటినీ విడదీస్తే పనికిరావన్నారు. సమానత్వం లేని స్వేచ్ఛ కొద్దిమంది పెత్తనంగా మారుతుందట. సౌభ్రాతృత్వమే లేకపోతే మిగతా రెంటినీ కానిస్టేబుల్‌ని పెట్టి అమలు చేయించాలట. కానిస్టేబుల్ అనగానే వెనక బెంచీ నవ్వేది, అందుకే ఆ ముక్క ఏ ఏడూ వదిలిపెట్టలేదు.

కాబట్టి ఉత్త స్వేచ్ఛ అని టిక్కు పెడితే నాకు అర్థం కాదు. దేన్నుంచి స్వేచ్ఛ? ఆఫీసు నుంచా? ఊరికే ఉదాహరణకి అన్నాను.

భూటాన్ వాళ్లయితే సంతోషాన్ని కూడా కొలుస్తున్నారు. జిగ్మే సింగ్యే వాంగ్చుక్ రాజుగారు మొదలుపెట్టిన ఆలోచన అది. దేశానికి డబ్బు లెక్కే కాదు, సంతోషం లెక్క కూడా ఉండాలన్నారు. దాన్ని 9 విభాగాలు చేసి, 33 సూచికలు పెట్టారు. అందులో నిద్ర కూడా ఒకటి, గమనించు. రాత్రి రెండింటికి వాట్సాప్‌లో నీ పేరు కింద ఆన్‌లైన్ అని కనబడుతుంటుంది. (నేనెందుకు మేలుకున్నానని అడక్కు.) అంతా కొలుచుకున్న ఆ దేశంలో కుర్రకారు ఆస్ట్రేలియాకి వలస పోతున్నారట, చదువుకీ, ఉద్యోగాలకీ. కొలవడం తప్పని కాదు. సూచికలు ఎన్ని పెట్టినా కొడుకు విమానం ఎక్కేదాకా ఇంట్లోవాళ్లకి తెలియని సంగతులు కొన్ని ఉంటాయి.

తాతయ్య సంగతి ఒకటి చెబుతాను, నీకు సగం తెలుసు. తూర్పు గట్టు మీది చెట్టు గొడవ. ఆ చెట్టు మనదని ఈయనా, తమదని తూర్పింటాయనా. సర్వేయర్ వచ్చి రెండుసార్లు గొలుసు లాగితే రెండు రకాలుగా వచ్చింది. దాంతో ఇద్దరికీ మాటలు పోయాయి. దింపువాడు ఆ చెట్టెక్కేవాడు కాదు, కాయలు ఎవరి రాశిలో వెయ్యాలో తెలియక. అవి ఎండి వాటంతటవే రాలేవి, బడికెళ్లే పిల్లలు పట్టుకుపోయేవారు. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకున్నప్పుడు, రోజుల తరబడి రాత్రిపూట అటు ఆకాశం ఎర్రగా ఉంటే జనమంతా అరుగుల మీద చేరి అదే మాట. వీళ్లిద్దరూ పక్కపక్క అరుగుల మీద కూర్చుని ఆ మంట గురించి కూడా మాట్లాడుకోలేదు.

మర్సటేడు నవంబర్ 6న తుపాను. నువ్వింకా పుట్టలేదు, అన్నయ్య మీ అమ్మ చంకలో. నేను అమలాపురంలో ట్రైనింగుకని వెళ్లి అక్కడే ఇరుక్కుపోయాను. చీకటి పడ్డాక తూర్పింటి వాళ్ల పెంకులు లేచిపోవడం మొదలైందట. మనది డాబా. తాతయ్య లాంతరు ఆరిపోతే చీకట్లోనే తడుముకుంటూ వెళ్లి, వాళ్ల దొడ్డిగుమ్మంలో నిలబడి, ఎవర్నీ పేరు పెట్టి పిలవకుండా "పిల్లల్ని తీసుకురండి" అని గాలిలోకి అరిచాడట. అందరూ వచ్చారు, వాళ్ల దూడతో సహా. ఆ గట్టు మీది చెట్టు వాళ్ల పశువులపాక మీదే పడింది.

నేను ఇల్లు చేరేసరికి మన వసారాలో పెద్ద భోజనాల బంతి. మామ్మ వడ్డిస్తోంది. తాతయ్య ఈ చివర, ఆయన ఆ చివర. "అటు ఉప్పు అందిందో లేదో చూడు" అని తాతయ్య మామ్మతో అంటున్నాడు. నీళ్లు తీసేదాకా అలాగే గడిచింది. ఆ తుపానులో వెయ్యిమందికి పైగా పోయారు. భైరవపాలెం వైపు వేటకెళ్లిన జాలర్లు ఎంతోమంది తిరిగి రానేలేదు. కోనసీమలో తోటలకి తోటలే నేలకూలాయి, మనకి సగం పోయింది. అంత చూశాక ఇద్దరూ కలిసిపోయారనుకుంటావు కదా. లేదు. ఇల్లు నేయించుకుని వెళ్లిన వారానికే తూర్పింటాయన మనిషిని పంపాడు, పడిన మాను ఎవరిదో తేల్చమని. తాతయ్య "మాదే" అన్నాడు. మళ్లీ మాటల్లేవు. మాను అక్కడే చెదలు పట్టిపోయింది. మామ్మ విసుక్కుంటే "అన్నం సంగతి వేరు, గట్టు సంగతి వేరు" అన్నాడు.

ఆయన చేతికి మీ కాగితం ఇస్తే దేనికి టిక్కు పెట్టేవాడు? కచ్చితంగా న్యాయానికి, చెట్టు తనదే కాబట్టి. దయ, సాయం లాంటి మాటలు ఆయన కంటికి ఆనేవే కావు. ఆ రాత్రి దొడ్డిగుమ్మం సంగతి ఆయన బతికుండగా ఒక్కసారీ ఎత్తలేదు, నాకు చెప్పింది తూర్పింటి మామ్మ. అందుకే మనిషి తన విలువలు తనే రాసిస్తే నేను పూర్తిగా నమ్మను. నువ్వు ఇంజనీరింగ్‌లో పరీక్ష ముందు రాత్రి, జ్వరం వచ్చిన రూమ్మేట్ పక్కన ఆసుపత్రిలో కూర్చున్నావని మాకు చెప్పింది మీ వార్డెన్, నువ్వు కాదు. నీ ఐదింట్లో దానికి తగిన మాట ఒక్కటీ లేదు. మళ్లీ చూసుకో.

ఇవి కూడా ఊరికే తెలుసుకుని ఉంటే మంచిదని రాస్తున్నాను. ఉద్యోగం మారినా, మధ్యలో విరామం తీసుకున్నా, పీఎఫ్ డబ్బు తియ్యకు. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. ఆఫీసు వాళ్లిచ్చే ఆరోగ్య బీమా, ఉద్యోగం మానేసిన రోజుతో ఆగిపోతుంది, నీ పేరున వేరే పాలసీ ఉండాలి. లేకపోతే చెప్పు, ఇక్కణ్నుంచి కట్టిస్తాను. ఆరు నెలల ఖర్చుకి సరిపడా డబ్బు విడిగా ఉంచుకోవాలి. ఎవరికైనా ఇదే చెబుతాను, అన్నయ్యకీ చెప్పాను.

మీ అమ్మ సున్నుండలు కట్టింది, నెయ్యి ఎక్కువ పోసింది. ఆత్రేయపురం పూతరేకులు తెప్పించాను. ఎండు కొబ్బరి, పెసర వడియాలు కూడా పెడుతున్నాం. పొద్దున ఏమీ తినకుండా కాఫీ తాగకు. కార్గోలో వేస్తే మర్నాటికి వస్తుంది. ఆఫీసు అడ్రసుకి పంపనా, హాస్టల్‌కి పంపనా? పగలు పార్సిల్ తీసుకోవడానికి ఎక్కడుంటావో ఒక్క ముక్క రాయి, శుక్రవారం లోపల. సున్నుండలు ఎక్కువ రోజులు ఆగవు.

ఇట్లు,
నాన్న

తా.క. మీ అమ్మ రాయమంటోంది: పాత దుప్పటి పారెయ్యకు, కొత్తది పంపుతున్నా.