ఆ ట్రంకుపెట్టె తెరిచిన అక్కకి

నాన్నకి డిసెబిలిటీ పెన్షన్ మంజూరైంది. నిన్న సాయంత్రం మిలిటరీ పెన్షన్ల వెబ్‌సైటు స్పర్శ్ పోర్టల్‌లో కారిజెండం పీపీఓ, అంటే సవరించిన పెన్షన్ ఆర్డరు, కనబడింది. 30 శాతం వైకల్యం, రౌండింగ్ ఆఫ్‌తో (శాతాన్ని పై మెట్టుకి పెంచి లెక్కగట్టడం) 50 శాతం కింద లెక్క, జీవితాంతం. చదివి వినిపిస్తే నాన్న "సరే, ముందు భోంచెయ్యి" అన్నారు. ఆయన ఎప్పుడూ అంతే. నాకు మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు. ఒళ్ళు హూనమైపోయింది, కళ్ళు మూతపడవు. అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను, అటూ ఇటూ అయితే సర్దుకోండి.

సంగతి తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. 1996లో కాశ్మీరు-లడఖ్ దారిలోని జోజిలా కనుమ దాటి వస్తున్న ఆర్మీ కాన్వాయ్‌లో నాన్న ఎక్కిన బండి బోల్తా పడింది. నడుము దెబ్బతింది. చాలాకాలం మిలిటరీ హాస్పిటల్లో ఉండి, తర్వాత లో మెడికల్ కేటగిరీలోనే (పూర్తి ఫిట్‌నెస్ లేదని పెట్టే వర్గం) సర్వీసు వెళ్ళదీసి, 2004లో నాయక్‌గా ఇంటికొచ్చారు. వచ్చేముందు రిలీజ్ మెడికల్ బోర్డు 30 శాతం వైకల్యం అని రాసింది. కానీ ఆ దెబ్బ డ్యూటీలో తగిలిందని చూపించే ఇంజురీ రిపోర్టు ఫైల్లో లేదు. అది లేదు కాబట్టి దెబ్బకీ సర్వీసుకీ సంబంధం లేదన్నారు. సర్వీసు పెన్షన్ ఇచ్చారు, వైకల్యానికి దాని మీద అదనంగా ఇచ్చే డిసెబిలిటీ ఎలిమెంట్ ఇవ్వలేదు. నాన్న అప్పట్లో ఒక దరఖాస్తు పెట్టి, కాదంటూ వచ్చిన కాగితాన్ని మడిచి దాచేసి ఊరుకున్నారు. కింద కూర్చుంటే మంచం కోడు పట్టుకోకుండా లేవలేరు. ఏంటి నాన్నా అంటే "చలికి" అనేవారు. బెంగళూరులో, ఏప్రిల్ నెలలో కూడా చలికే.

రౌండింగ్ ఆఫ్ సంగతి మాకు తెలిసిందే ఆలస్యంగా. సర్వీసు పూర్తి చేసుకుని వచ్చినవాళ్ళకీ అది వర్తిస్తుందని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సరే అని నేను నాన్న ఫైలు కదిలిస్తే, సైనికుల కాగితాలు దాచే రికార్డ్ ఆఫీసు నుంచి ఒకటే జవాబు: సదరు పత్రాలు లభ్యం కావడం లేదు. 10 రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టి ఆర్టీఐ వేశాను. గడువు ఆఖర్లో అదే వాక్యం వచ్చింది, కింద సంతకం మాత్రం వేరు. ఆ ఆఫీసు పేరు ఇక్కడ రాయను. నాన్న వద్దన్నారు. ఆయనకి రెజిమెంటంటే ఇప్పటికీ పుట్టిల్లే.

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. కాగితం రాసింది వాళ్ళు, దాచాల్సింది వాళ్ళు, పోగొట్టింది వాళ్ళు. వెతికి తేవాల్సింది మాత్రం నడుము పోయిన మనిషి! రుజువు చేసే భారం సైనికుడి మీద లేదనీ, అనుమానం వస్తే అతనికే అనుకూలంగా చూడాలనీ 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఎంత స్పష్టంగా చెప్పిందో. కౌంటర్ దగ్గర ఆ పేరెత్తితే "అవన్నీ కోర్టులో చెప్పుకోండమ్మా" అంటారు.

సరే, నేను రాయాలని కూర్చున్నది అక్క గురించి.

ఆ రోజు బండి నడిపినాయనకి కూడా అదే ప్రమాదంలో కాలు విరిగింది. కోలారు వైపు మనిషి. కొన్నేళ్ళ కింద పోయారు. ఆయన భార్యే నేను అక్క అంటున్నది. ఆమె కె.ఆర్.పురంలో ఇడ్లీ బండి పెట్టుకుని బతుకుతోందని నాన్న బ్యాచ్ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. మాకూ వాళ్ళకీ ఏనాడూ రాకపోకల్లేవు. ఫోన్ చేసి మేమెవరమో చెప్పేసరికే నా గొంతు తడారిపోయింది. పోయినాయన కాగితాలు వెతికిపెట్టమని ఏ మొహం పెట్టుకుని అడుగుతాం? అంతా విని "ఆయప్ప పెట్టె అట్లే ఉండాది పాపా. మీ నాయన నంబరు పంపించు" అంది. అంతే. ఎందుకు, ఏమిటి అని ఒక్క ప్రశ్న లేదు. నాన్న ఆర్మీ నంబర్ పంపించాను.

మర్నాడు ఆదివారం వెళ్ళాక తెలిసింది నంబరే ఎందుకు అడిగిందో. అక్కకి ఇంగ్లీషు రాదు. కన్నడ కూడా కూడబలుక్కునే చదువుతుంది. అంకెలొచ్చు. నేను పంపిన నంబర్‌ని పాత క్యాలెండర్ కాగితం వెనకాల ఇంతింత అంకెలతో రాసుకుంది. పెట్టెలో ఉన్న ఒక్కొక్క కాగితాన్నీ దాని పక్కన పరిచి, పైనుంచి కింద దాకా వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. రాత్రంతా అదే పని. తెల్లారుజామున పిండి కలపాల్సిన మనిషి, ఆ ఆదివారం బండే పెట్టలేదు.

నల్ల ట్రంకుపెట్టె, మూత మీద తెల్ల పెయింటుతో ఆయన నంబర్, ర్యాంకు, పేరు. లోపల కాగితాలన్నీ ఒక పాత లుంగీలో చుట్టి, మధ్య మధ్య నాఫ్తలీన్ ఉండలు వేసి ఉన్నాయి. ఒక కాగితంలో మాత్రం గుర్తుగా అగ్గిపుల్ల పెట్టి ఉంది. "ఇదేనా సూడు. కింది వరసలో ఉండేది మీ నాయన నంబరే కదా?"

పార్ట్ టూ ఆర్డర్ కార్బన్ కాపీ. అంటే సైనికుడి సర్వీసులో జరిగినవి నమోదు చేసే ఆర్మీ ఉత్తర్వు. పల్చటి కాగితం, మడత దగ్గర చిరుగు. ఆ ప్రమాదంలో దెబ్బలు తగిలినవాళ్ళ వివరాలు ఒకరి కింద ఒకరివి. పైన ఆయనది, కింద నాన్నది. నంబర్ చివర ఉండే ఇంగ్లీషు అక్షరంతో సహా సరిపోయింది. పక్కనే డ్యూటీలో గాయపడినట్టు స్పష్టంగా రాసి ఉంది. ఇంకో సంగతి, అందులో నాన్న పేరు తప్పు టైపు చేశారు. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు పేరు కోసం వెతికి ఉంటే ఆ కాగితాన్ని దాటేసేవాళ్ళే. అంకెలు మాత్రమే తెలిసిన అక్క పట్టుకుంది. ఇక నా వల్ల కాలేదు. ఆ గుమ్మంలోనే కూలబడి ఏడ్చేశాను. అక్క ఏమీ అనలేదు, లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది.

అక్క భర్త ఇంజురీ రిపోర్టు కూడా దొరికింది. అదే బండి, అదే తేదీ. జెరాక్స్ షాపుకి తనే వెంట వచ్చింది. కాగితాన్ని ట్రేలో పెట్టబోతే ఆపి, అద్దం మీద పెట్టి తీయమంది. "ఇచ్చేద్దునే పాపా, ఆయప్ప సంతకం ఉండాది దీంట్లో" అంది. డబ్బులు ఇవ్వబోతే చెయ్యి తోసేసింది. మా నాన్న నీకు తెలియను కూడా తెలియదు, ఇంత ఎందుకు చేశావక్కా అని అడిగాను. "కాగితం లేకుంటే ఎట్ల తిప్పుతారో నాకు తెల్దా?" అంది. ఆయన రికార్డుల్లో అక్క పేరు ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. ఫ్యామిలీ పెన్షన్ ఎలాగో వస్తోంది, మాజీ సైనికుల కుటుంబాలకి వైద్యం అందించే ఈసీహెచ్ఎస్ కార్డు మాత్రం ఇప్పటికీ చేతికి రాలేదు. ఇప్పుడా ఫైలు నేను పట్టుకున్నాను. పేరు సవరణ పార్ట్ టూ ఆర్డర్ చేయించుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి నాకు చెప్పండి.

ఆ రెండు కాపీలు పెట్టి, డిసెబిలిటీ పెన్షన్ కాదన్నదాని మీద ఫస్ట్ అప్పీల్ వేశాం, నెగ్గింది. కాకపోతే బకాయిలు మూడేళ్ళవే. ఆలస్యంగా అడిగినవాళ్ళకి 2008 నాటి తర్సేమ్ సింగ్ తీర్పు చూపించి అంతకే కట్టేస్తారు. 2004లోనే అడిగారు కదా అంటే, అప్పుడు అప్పీల్ వెయ్యలేదు కదా అన్నారు. కాగితం పోగొట్టినవాళ్ళకి ఏ గడువూ లేదు, గమనించండి.

అప్పీల్ రాసిపెట్టిన రిటైర్డ్ సుబేదార్ క్లర్క్ గారికి నమస్కారాలు. మా దగ్గర ఫిల్టర్ కాఫీ తప్ప ఏమీ పుచ్చుకోలేదు. అమ్మ, తమ్ముడు, మా ఆయన సంగతి వేరే చెప్పాలా? తమ్ముడు బైక్ మీద తిప్పాడు, మా ఆయన పాపని చూసుకున్నాడు.

అయ్యో, అక్క నంబర్ సంపాదించి ఇచ్చిన కోలారు హవల్దార్ అంకుల్‌ని మర్చేపోయాను! ఆయన లేకపోతే ఈ కథే లేదు. సైనిక్ వెల్ఫేర్ ఆఫీసులో ఆర్టీఐ వెయ్యమని సలహా ఇచ్చిన మేడమ్‌కి కూడా థాంక్స్. అడిగినప్పుడల్లా సెలవిచ్చిన మా మేనేజర్‌కి, చిరుగు దగ్గర కాగితం నలక్కుండా కాపీ తీసిన జెరాక్స్ అబ్బాయికి కూడా. ఇంకెవరినైనా వదిలేసి ఉంటే ఫోన్ చేసి తిట్టండి, చేరుస్తాను. సాయంత్రం తర్వాత చెయ్యండి, ఇప్పుడు పడుకోబోతున్నాను.