లైనింగ్ తడపడం చూపించరు

విజయనగరం

చిరంజీవి బాబుకి అమ్మ ఆశీస్సులు.

"రీల్స్ తగ్గించరా" అంటే, "అందులోనూ కరెంట్ అఫైర్సే వస్తున్నాయమ్మా, చదువుకున్నట్టే" అన్నావు ఫోన్లో. షాపులో కస్టమర్లు ఉండి ఏమీ అనలేదు. ఊరుకున్నాను కదా అని ఒప్పుకున్నాననుకోకు.

వాటిని తిట్టడానికి కాదు ఈ ఉత్తరం. నా షాపు నడుస్తోందంటే వాటి పుణ్యం కూడా ఉంది. నేను పని నేర్చుకున్నది గుండ్రటి మెడ, పలక మెడ జాకెట్లతో. ఇప్పుడు దసరా వెళ్ళాక మంగళవారం పైడితల్లమ్మ జాతరలో సిరిమాను తిరిగేలోపు జాకెట్ కావాలని వచ్చే ఆడపిల్లలు ఫోన్ ముందు పెట్టి "ఆంటీ, ఇలా" అంటారు. బోట్ నెక్, ప్రిన్సెస్ కట్, అన్నీ వీడియోలు చూసి పట్టుకున్నవే. ఫీజు కట్టి నేర్చుకోమంటే ఈ వయసులో ఎక్కడికి వెళ్తాను?

కానీ ఒక్క విషయం గమనించాను. కాటన్ లైనింగ్ ముందు నీళ్ళలో తడిపి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టాలి. లేకపోతే మొదటి ఉతుకుకే లోపలి గుడ్డ ముడుచుకుపోయి, పైన పట్టు ముడతలు పడుతుంది. నేను చూసిన నలభై సెకన్ల వీడియోల్లో ఇది ఒక్కరూ చూపించలేదు. వాళ్ళను అనడానికీ లేదు. గుడ్డ ఆరడానికి పూటంతా పడుతుంది, దాన్ని ఎక్కడ ఇరికిస్తారు? నాకు ముందే పని వచ్చు కాబట్టి సరిపోయింది. రానివాళ్ళకి చూసిందే పని అనిపిస్తుంది.

ఇంకోటి. వీడియో అయ్యాక గుడ్డ పరిచి కత్తెర పట్టుకోవాలా? పట్టుకోనివ్వదు. వెంటనే ఇంకో మెడ, దాని వెనక ఎవరిదో పెళ్ళి, ఆ వెనక ఆవకాయ. విస్తట్లో ఉన్నది తినకముందే మళ్ళీ వడ్డించేసే మొహమాటం చుట్టం లాంటిది అది. పేజీకి అడుగంటూ లేకుండా జారుతూ పోయే ఈ ఏర్పాటును 2006లో తయారు చేసిన అమెరికా ఆయన ఏజా రాస్కిన్, ఎందుకు చేశానా అని తర్వాత తనే బాధపడ్డాడట. పైగా ప్రతిదీ బాగుంటే మనమే విసుగొచ్చి మానేస్తాం. నాలుగు చెత్తవి వచ్చి అయిదోది బాగుంటుంది చూడు, వేలు ఆగనిది దానికే.

యాప్ తీసేయమని కూడా అనను. నువ్వు పరీక్షలు రాయకుండానే పది పాసైన ఏడాది గుర్తుందా? 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లు ఆపేశారు. ఇంక పీడ పోయిందన్నారు మీ నాన్న. జూలైలో రీల్స్, సెప్టెంబరులో షార్ట్స్ దిగాయి. యూట్యూబ్‌లో షార్ట్స్‌కి రోజుకింత టైమని పెట్టుకునే సెట్టింగ్ ఉంది, పెట్టుకో. దాన్ని దాటుకుని పోవడానికి బటన్ కూడా వాళ్ళే ఇచ్చారనుకో, అది వేరే సంగతి.

ఇక నీ బిట్లు. "పార్వతీపురం మన్యం జిల్లా ఎప్పుడు ఏర్పడింది? 2022 ఏప్రిల్ 4." సరే, వచ్చింది. గొట్టా, తోటపల్లి, మడ్డువలస, తాటిపూడి, నాలుగు ప్రాజెక్టులూ ఇచ్చి ఏది ఏ నది మీదుందో జతపరచమంటే? వంశధార, నాగావళి అని మొదటి రెండూ పెట్టేస్తావు. సువర్ణముఖి, గోస్తని దగ్గర తడబడతావు. మ్యాప్ పరుచుకుని ఏ నీళ్ళు ఎటు పోతున్నాయో వేలు పెట్టి చూసినవాడికి ఆ తడబాటు ఉండదు. చూసినప్పుడు "ఆ, ఇది నాకు తెలుసు" అనిపిస్తుంది కదా, ఆ అనిపించడమే నిన్ను పుస్తకం తీయనివ్వడం లేదు.

నేనైతే వీడియో సేవ్ చేసి పెట్టుకుంటాను. గుడ్డ బల్ల మీద పరిచాకే తీస్తాను. చేతిలో సుద్ద ఉంటే పక్క వీడియోకి వేలు పోదు. నువ్వూ ఒక బిట్ చూస్తే ఫోన్ బోర్లించి పుస్తకంలో ఆ పేజీ తియ్యి. పేజీ దొరక్కపోతే అది మనకి అక్కర్లేని బిట్ అనుకో.

నీ నీలం చొక్కా కాలర్ తిప్పి కుట్టాను, మీ నాన్న వైజాగ్ వచ్చినప్పుడు తెస్తారు. ఆదివారం ఫోన్ చేసి నదులు అడుగుతాను. ఆప్షన్లు ఇవ్వను.

అమ్మ