బస్సెక్కినవాళ్ళకు లెక్క ఉంది, ఎక్కలేనివాళ్ళకు ఏది?

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన వారం మీ జిల్లా పేజీలో సరిహద్దు బస్సుల మీద వచ్చిన వార్త చదివిన దగ్గర్నుంచీ మనసు ఊరుకోవడం లేదు. ఆక్యుపెన్సీ, అంటే సీట్లు నిండే శాతం పెరిగిందట, కిలోమీటరు రాబడి పెరిగిందట, సర్వీసులు వేళకు నడుస్తున్నాయట. పొద్దున్న ఏడింటికి ఒడిశావైపు పర్లాకిమిడి స్టాండులోనో ఆంధ్రవైపు పాతపట్నంలోనో నిలబడి ఉన్నవాళ్ళలో ఒక్కరు కూడా ఈ మాట ఒప్పుకోరు. అయినా అధికారులు చూపించిన అంకెలు తప్పు కాకపోవచ్చు. అవి దేన్ని కొలుస్తున్నాయన్నదే నా గొడవ.

ఆక్యుపెన్సీనే తీసుకోండి, డిపోల్లో ఓఆర్ అంటారు. మిషన్లో కొట్టిన ప్రతి టికెట్టూ ఎన్ని కిలోమీటర్లదో కూడతారు. బస్సులో సీట్లను అది నడిచిన కిలోమీటర్లతో హెచ్చవేస్తారు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే ఓఆర్. యాభై సీట్ల బస్సు 60 కిలోమీటర్లు నడిచిందనుకోండి, సీటు కిలోమీటర్లు 3,000. మొదటి 20 కిలోమీటర్లు 80 మంది ఎక్కారు, అంటే 1,600. మిగతా 40 కిలోమీటర్లు 15 మందే ఉన్నారు, 600. మొత్తం 2,200, ఓఆర్ 73 శాతం. కాగితం మీద పావు వంతు బస్సు ఖాళీ. ఆ మొదటి 20 కిలోమీటర్లు ముప్పై మంది రాడ్డు పట్టుకుని, ఫుట్‌బోర్డు మీద ఒంటికాలితో వేలాడిన సంగతి ఆ అంకెలో ఎక్కడా కనిపించదు. మన సరిహద్దు రూట్లన్నీ ఇలాంటివే. పట్నం దగ్గర కిక్కిరిసి, ఆ పైన పల్చబడతాయి. సగటు తీస్తే రెండు కష్టాలూ మాయమైపోతాయి.

అంతకన్నా ఘోరం ట్రిప్పు కొట్టేసినప్పుడు జరుగుతుంది. ఏడు గంటలకొకటి, ఏడూ ముప్పావుకొకటి రెండు బస్సులున్నాయి, ఒక్కోదానిలో చివరిదాకా ముప్పై మంది. ఓఆర్ 60 శాతం. రెండో బస్సు తీసేశారు. దానిలో ఎక్కాల్సిన ముప్పై మందిలో ఇరవై మంది ముందుగా వచ్చి మొదటి బస్సులో ఇరుక్కున్నారు, పది మంది షేర్ ఆటోకు రెట్టింపు డబ్బిచ్చి పోయారు. ఇప్పుడు ఓఆర్ నూటికి నూరు! కిలోమీటరు రాబడి మూడింట రెండు వంతులు పెరిగింది. బస్సు పోయింది, పది మంది ప్రయాణికులు పోయారు, రిపోర్టు మాత్రం మెరుగైంది. రద్దయిన కిలోమీటర్లకు వేరే పద్దు ఉందని చెబుతారు. ఉంది, నిజమే. కానీ బండి లేకనో డ్రైవరు లేకనో ఆ రోజుకు ఆగితేనే ఆ పద్దులో పడుతుంది. టైంటేబుల్ సవరించి ట్రిప్పునే ఎత్తేస్తే ఇక రద్దన్న మాటే లేదు, ఏ పద్దులోనూ దాని ఊసుండదు.

పైగా 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చింది. అక్కడి పల్లెవెలుగు బస్సుల్లో రద్దీ పెరిగింది. ఆంధ్ర చిరునామా కార్డు లేని మనవైపు ఆడవాళ్ళు డబ్బిచ్చి కూడా నిలబడే వెళ్ళాలి. రద్దీలో కండక్టరు ఉచిత ప్రయాణానికిచ్చే జీరో టికెట్టు కొట్టడం మరిచిపోతే ఆ మనిషి లెక్కలోనే లేదు.

ఇక వేళ సంగతి. బస్సు బయలుదేరే చోట కంట్రోలర్ పుస్తకంలో రాసుకున్న టైమే సమయపాలన. నడుమ సారవకోటలో ఎన్నింటికి వచ్చిందో ఎవరికీ పట్టదు. గంటన్నరకొక బస్సున్న రూట్లో ఆలస్యం కన్నా ముందు రావడమే ఎక్కువ చేటు. ఐదు నిమిషాలు ముందే వెళ్ళిపోతే, వేళకు వచ్చి నిలబడ్డవాళ్ళకు గంటన్నర దండగ. అమెరికా నగరాల్లో చాలా సంస్థలు ఒక్క నిమిషం మించి ముందు పోయినా వేళ తప్పినట్టే రాసుకుంటాయి, ఆలస్యానికి మాత్రం ఐదు నిమిషాలు ఓర్చుకుంటాయి. మన దగ్గర ఒకటి 20 నిమిషాలు ముందు, ఇంకొకటి 20 నిమిషాలు వెనక వస్తే సగటు సున్నా, అంతా సవ్యం. పనిముట్లు లేవనడానికి కూడా లేదు. 2019 జనవరి నుంచి కొత్త ప్రయాణికుల బస్సులకు ఏఐఎస్ 140 ప్రమాణం ప్రకారం, బండి ఎక్కడుందో ఎప్పటికప్పుడు చెప్పే ట్రాకింగ్ పరికరం తప్పనిసరి. స్టాపు చుట్టూ యాభై మీటర్ల గీత గీసుకుంటే బస్సు లోపలికి వచ్చిన క్షణం, దాటిన క్షణం దానంతటదే నమోదవుతుంది. ఆ సమాచారాన్ని స్టాపులవారీగా చూసే ఓపిక ఎవరికైనా ఉండాలిగా.

రోడ్డు లెక్కా ఇంతే. రోడ్డు మీద ఏ బండి ఎన్ని కార్లకు సమానమో యూనిట్లలో కొలుస్తారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990 నాటి మార్గదర్శకాల్లో కారు 1, మోటారు సైకిలు అర, బస్సయినా లారీ అయినా 3, ఎడ్లబండి 8. అరవై మందితో వచ్చిన బస్సూ, కంకర లారీ ఒకటే! ఒక్కొక్క మనిషితో వచ్చిన ఇరవై కార్లు 20 యూనిట్లు, అరవై మందిని మోసిన బస్సు మూడే. ఆ లెక్కతో రోడ్డు వెడల్పు చేస్తారు తప్ప ఇంకో బస్సు వేయాలన్న ఆలోచన ఎక్కణ్ణుంచి వస్తుంది? పట్టణాల వెలుపలి రోడ్ల వాహన గణన వరసగా ఏడు రోజులు, రాత్రింబవళ్ళు, ఏడాదికి రెండుసార్లు, పంట చేతికొచ్చే కాలంలో ఒకసారి చేయాలని నియమం. ఏడు రోజులూ లెక్కిస్తే సంత రోజు తప్పిపోదు. అది ఎంత శ్రద్ధగా జరుగుతోందో కూడా అధికారులే చెప్పాలి.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 88 ప్రకారం రెండు రాష్ట్రాలు ఒక రూటులో ఎన్ని పర్మిట్లో ఒప్పందం చేసుకోబోయే ముందు, ఆ ప్రతిపాదనను గెజెట్‌తో పాటు ఆ ప్రాంతంలో చదివే ప్రాంతీయ భాషా పత్రికలో వేయాలి, అభ్యంతరాలకు గడువు చెప్పాలి, వాటిని విచారించే తేదీ గెజెట్ ప్రకటన నుంచి 30 రోజులకు తగ్గకుండా ఉండాలి. గజపతి జిల్లాలో తెలుగు చదివేవాళ్ళు ఎంతమందో అధికారులకు తెలియనిది కాదు. ఆ ప్రకటన తెలుగు పత్రికలోనూ రావాలి, మన మాటా వినాలి.

అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. సంత రోజు కలిసేలా ఏడు రోజులు పర్లాకిమిడి, పాతపట్నం, సారవకోటల్లో ఒక్కొక్క మనిషిని గడియారంతో కూర్చోబెట్టండి. కాగితం మీద నాలుగు గడులు చాలు: టైంటేబుల్ వేళ, బస్సు వచ్చిన వేళ, నిలబడ్డవాళ్ళు ఎందరు, ఎక్కలేక కిందే ఉండిపోయినవాళ్ళు ఎందరు. ఆ నాలుగో గడి ఇప్పుడు ఏ షీటులోనూ లేదు. నిండిన కాగితాన్ని తెలుగులో, ఒడియాలో రెండువైపుల స్టాండుల్లోనూ అంటించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా