ప్యానెల్ చిన్నది, బ్యాటరీ పెద్దది

ఒరేయ్,

ఎలా ఉన్నావు? నీ ఉత్తరం చూడగానే ఇవాళే జవాబు రాయాలనిపించింది. నీ దగ్గరున్నది ఒకే ఒక్క 100 వాట్ల సోలార్ ప్యానెల్, ఛార్జ్ చేయాల్సింది 48 వోల్టుల ఎలక్ట్రిక్ సైకిల్ బ్యాటరీ. అడిగినవాళ్ళంతా ఒకటే మాట అన్నారని రాశావు: ఇంకో మూడు ప్యానెళ్ళు కొను, లేదంటే ఆశ వదులుకో అని. ఆశ వదులుకోనక్కర్లేదురా. ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్య ఉండి వోల్టేజీ పెంచి ఇచ్చే కంట్రోలర్లు, అంటే బూస్ట్ కంట్రోలర్లు, ఉన్నది సరిగ్గా నీలాంటివాళ్ళ కోసమే. కాకపోతే వైర్లు కలిపేముందు రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. అవేమిటో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదువు.

వాళ్ళు మూడు ప్యానెళ్ళు ఎందుకు కొనమన్నారో ముందు చెప్పనీ. నీరు పల్లమెరుగు అంటాం కదా, కరెంటూ అంతే, ఎక్కువ వోల్టేజీ నుంచి తక్కువకే పారుతుంది. 36 సెల్స్ ఉన్న నీ ప్యానెల్ మంచి ఎండలో పనిచేసేది 18 వోల్టుల దగ్గర. ఏ లోడూ లేకుండా వదిలేస్తే 22 దాకా చూపిస్తుంది. నీ బ్యాటరీలో 13 లిథియం సెల్స్ సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, ఉంటాయనుకుంటున్నా; అది ఖాళీ అయినా 39, 40 వోల్టులు ఉంటుంది, నిండితే 54.6. మామూలు పీడబ్ల్యూఎం కంట్రోలర్ ప్యానెల్‌ని తీసుకెళ్ళి బ్యాటరీకి తగిలించడం తప్ప ఇంకేమీ చేయదు, కాబట్టి నీకు ఒక్క మిల్లీయాంపు కూడా రాదు. మనం మామూలుగా చూసే ఎంపీపీటీ కంట్రోలర్లు (ప్యానెల్ నుంచి వీలైనంత ఎక్కువ శక్తి రాబట్టేవి) బక్ రకం, అంటే ప్యానెల్ ఎక్కువ వోల్టేజీ ఇస్తే దాన్ని తగ్గించి బ్యాటరీకి పంపేవి. వాటిలో చాలావాటికి పని మొదలెట్టాలంటేనే ప్యానెల్ వోల్టేజీ బ్యాటరీ కంటే 5 వోల్టులు పైన ఉండాలి. ఆ లెక్కన నాలుగు ప్యానెళ్ళు సిరీస్‌లో పెట్టి 72 వోల్టులు తెచ్చుకోమన్నారు వాళ్ళు. నాలుగు ప్యానెళ్ళు, అవి పరవడానికి చోటు ఉన్నవాడికి అది మంచి సలహానే. నీకు రెండూ లేవు.

బూస్ట్ లోపల జరిగేది చూడ్డానికి మహా ముచ్చటగా ఉంటుందిరా. రాగి తీగ చుట్టిన ఒక కాయిల్, మాస్‌ఫెట్ అనే ఒక ఎలక్ట్రానిక్ స్విచ్, కరెంటుని ఒకవైపే పోనిచ్చే ఒక డయోడ్, ఒక కెపాసిటర్, అంతే సరుకు. స్విచ్ మూసినప్పుడు ప్యానెల్ కరెంటు కాయిల్ గుండా తిరిగి వెనక్కే వస్తుంది. ఆ కాసేపట్లో కాయిల్ చుట్టూ అయస్కాంత శక్తి పోగవుతుంది. స్విచ్ తెరవగానే, పారుతున్న కరెంటు ఆగడానికి కాయిల్ ఒప్పుకోదు. తన వోల్టేజీని ప్యానెల్ వోల్టేజీకి కలిపి, డయోడ్ మీదుగా బ్యాటరీలోకి తోస్తుంది. సెకనుకు వేల సార్లు, కొన్నింటిలో లక్ష సార్లు పైగా ఇదే తంతు. 18 వోల్టుల్ని 54 చేయాలంటే స్విచ్ మూడింట రెండు వంతుల సేపు మూసి, ఒక వంతు సేపు తెరిచి ఉండాలి. వోల్టేజీ మూడింతలైంది కదా అని శక్తి పెరగదు. లోపలికి 18 వోల్టుల దగ్గర 5.5 యాంపులు వెళ్తే బయటికి 54 వోల్టుల దగ్గర ఇంచుమించు 1.75 యాంపులు వస్తుంది. మధ్యలో ఓ ఐదు శాతం వేడిగా పోతుంది, కంట్రోలర్ నాసిరకమైతే ఇంకా ఎక్కువ.

ఇప్పుడు ఆ రెండు అంకెల సంగతి. ఇందాకటి బొమ్మనే మనసులో ఉంచుకుని స్విచ్‌ని పూర్తిగా ఆపేశామనుకో. కరెంటు ఆగిందా? ఆగదు. ప్యానెల్ నుంచి కాయిల్, కాయిల్ నుంచి డయోడ్, డయోడ్ నుంచి బ్యాటరీ, దారి సూటిగా తెరిచే ఉంది. ప్యానెల్ వోల్టేజీ బ్యాటరీ కంటే తక్కువగా ఉన్నంతసేపూ డయోడ్ అడ్డుకుంటుంది కాబట్టి కంట్రోలర్ మాట చెల్లుతుంది. ప్యానెల్ వోల్టేజీ పైకి పోయిందా, కంట్రోలర్ ఆపేశాననుకున్నా కరెంటు వెళ్తూనే ఉంటుంది. బ్యాటరీ నిండింది అని అది గుర్తుపట్టినా చేయగలిగింది లేదు. అందుకే ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ (ఏ లోడూ లేనప్పుడు చూపించేది), బ్యాటరీ పూర్తిగా నిండినప్పటి వోల్టేజీ, ఈ రెండూ పక్కపక్కన రాసుకోవాలి. మొదటిది రెండోదాని కంటే ఎప్పుడూ తక్కువే ఉండాలి. అదీ లేబుల్ మీది అంకె కాదు, మీ దగ్గర వచ్చే అతి చల్లని ఉదయపు అంకె. లేబుల్ అంకెలు సెల్ 25 డిగ్రీలు ఉన్నప్పటివి. సెల్ చల్లబడే కొద్దీ ఒక్కో డిగ్రీకి 0.3 శాతం చొప్పున వోల్టేజీ పెరుగుతుంది.

నీ ప్యానెల్‌కి ఈ గొడవ లేదు. 22 వోల్టులు చలికి 24 అయినా 54.6 ఎక్కడ, అది ఎక్కడ! కానీ రేపు నువ్వు పెద్ద ప్యానెల్ మీద మనసు పడతావు, నాకు తెలుసు. 72 సెల్స్ ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ 45 వోల్టుల చుట్టుపక్కల ఉంటుంది. సున్నా డిగ్రీల చలిలో కూడా 49 దాటదు. నీ 13 సెల్స్ బ్యాటరీకి అదీ పనికొస్తుంది. ఇక్కడ చాలామందికి ఒక అనుమానం వస్తుంది, బ్యాటరీ ఖాళీగా 40 దగ్గర ఉన్నప్పుడు ప్యానెల్ 45 అంటే పైనే ఉంది కదా అని. నిజమే, ఆ కాసేపు కరెంటు డయోడ్ గుండా నేరుగా పోతుంది. ఖాళీ బ్యాటరీకి కావలసింది అదే కాబట్టి ప్రమాదం లేదు, ప్యానెల్ ఇవ్వగలిగినంత కరెంటే వస్తుంది. ప్రమాదమల్లా నిండిన తర్వాతే.

అదే ప్యానెల్‌ని 36 వోల్టుల బ్యాటరీకి తగిలిస్తే కథ మారిపోతుంది. అందులో సిరీస్‌లో 10 సెల్స్ ఉంటాయి, ఖాళీ అయితే 30, నిండితే 42. ప్యానెల్ పనిచేసేది 37 దగ్గర, ఏ లోడూ లేకుండా వదిలితే 45. అంటే బ్యాటరీ కాసేపు ప్యానెల్ కంటే కింద, కాసేపు పైన ఉంటుంది. బక్ ఒక్కటే పెట్టినా సగం పనే అవుతుంది, బూస్ట్ పెడితే నిండాక ఆపలేం. అక్కడ పెంచనూ తగ్గించనూ తెలిసిన బక్-బూస్ట్ కంట్రోలరే కావాలి. "ప్యానెల్ 36, బ్యాటరీ 36, సరిగ్గా సరిపోయాయి" అనుకుని బూస్ట్ కొనేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. సరిపోయినట్టు కనిపించే ఆ జోడీయే అన్నిటికంటే చిక్కుది.

ఎంపీపీటీ గురించి అడిగావు, అది లేకుండా చవగ్గా ఒక బూస్ట్ మాడ్యూల్‌తో సరిపెట్టుకోవచ్చా అని. స్క్రూ తిప్పి వోల్టేజీ, కరెంటు పెట్టుకునే ఆ పచ్చ బోర్డుల గురించే కదా. నా మాట విను, వద్దు. ఎందుకో కళ్ళారా చూడాలంటే ప్యానెల్ కొనలకి మీటర్ తగిలించి, కరెంటు స్క్రూని నెమ్మదిగా తిప్పుతూ ఉండు. 21, 20, 19 అని వోల్టేజీ దిగుతూ ఉంటుంది, బ్యాటరీలోకి వెళ్ళే కరెంటు పెరుగుతూ ఉంటుంది. 18 దాటాక ఇంకో వెంట్రుకవాసి తిప్పావో లేదో, ధబీమని 10 కిందికి పడిపోతుంది. ప్యానెల్ ఇవ్వగలిగిన దానికంటే ఎక్కువ అడిగింది ఆ మాడ్యూల్. వోల్టేజీ తగ్గింది కాబట్టి అదే వాట్ల కోసం ఇంకా ఎక్కువ కరెంటు లాగబోయింది, దాంతో వోల్టేజీ ఇంకా పడింది. అక్కడే ఇరుక్కుని సగం శక్తితో కూర్చుంటుంది, లేదా ఆగుతూ మొదలవుతూ కొట్టుకుంటుంది. ఎండకి సరిపడా స్క్రూ పెట్టినా, ఒక్క మబ్బు అడ్డం వస్తే మళ్ళీ అదే పరిస్థితి. నిజమైన ఎంపీపీటీ ఆ అంచు ఎక్కడుందో నిరంతరం తడుముతూ దాని మీదే నిలబడుతుంది.

కొన్ని కంట్రోలర్లలో ప్యానెల్ వోల్టేజీ నువ్వే అంకె వేసి పెట్టాలి. దాన్నీ ఎంపీపీటీ అనే అమ్ముతారు. అలాంటిదే చేతికొస్తే 18 పెట్టకు. మధ్యాహ్నం ఎండకి సెల్ 60 డిగ్రీలకి పోతుంది, అప్పుడు 18 వోల్టుల ప్యానెల్ బాగా పనిచేసేది 15.5 దగ్గర. 16 పెట్టుకుంటే రోజు మొత్తం మీద మేలు.

ప్యానెల్ వోల్టేజీ ఇలా వేడికి దిగిపోవడం బూస్ట్‌కి పెద్ద లెక్కలోది కాదు, స్విచ్ ఇంకాస్త ఎక్కువసేపు మూస్తుంది అంతే. నీడ విషయంలోనూ అంతే. రేపు ఇంకో ప్యానెల్ కొంటే పక్కన ప్యారలల్‌లో, అంటే ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలుపుకోవచ్చు, ఒకదాని మీద చెట్టు నీడ పడ్డా రెండోది తన పని తాను చేసుకుంటుంది. ఎటొచ్చీ 72 వోల్టుల బ్యాటరీ లాంటిదైతే, నిండితే 84 కదా, 18 నుంచి అంత ఎత్తుకి తోయడం కంట్రోలర్‌కి కష్టం, వేడి ఎక్కువ పుడుతుంది. అప్పుడు రెండు ప్యానెళ్ళు సిరీస్‌లో పెట్టి 36 నుంచి మొదలెట్టడమే నయం.

కంట్రోలర్ ఎక్కడ బిగించాలన్నది నువ్వు అడగలేదు గానీ, ఇది చాలామంది పట్టించుకోని విషయం. ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్య 10 మీటర్లు ఉందనుకో, వైరు 4 చదరపు మిల్లీమీటర్ల రాగిది. రాకపోకలు కలిపి 20 మీటర్లు, నిరోధం 0.086 ఓములు. కంట్రోలర్ బ్యాటరీ పక్కన పెడితే ఆ వైరులో 5.5 యాంపులు పారి 2.6 వాట్లు ఊరికే పోతాయి. కంట్రోలర్‌ని ప్యానెల్ పక్కకి జరిపితే అదే వైరులో 1.75 యాంపులే పారుతుంది, నష్టం పావు వాటు. పది రెట్లు తేడా! మామూలు బక్ కంట్రోలర్‌కి సలహా దీనికి తిరగబడి ఉంటుంది. కాకపోతే ప్యానెల్ వెనక వేడికి అంటించకు, నీడలో గాలి తగిలే చోట బిగించు.

ఇంక బ్యాటరీ. కంట్రోలర్‌లో 54.6 కంటే పైన ఏ అంకే పెట్టకు. నన్నడిగితే సెల్‌కి 4.1 చొప్పున 53.3 పెట్టుకో, రోజూ కాస్త తక్కువ నిండుతుంది గానీ సెల్స్ ఎక్కువ కాలం మన్నుతాయి. బ్యాటరీలోనే బీఎంఎస్ అనే రక్షణ సర్క్యూట్ ఉంది కదా, అదే ఆపుతుందిలే అన్న ధీమా వద్దు. అది చివరి కాపలా, రోజువారీ స్విచ్ కాదు. పైగా బూస్ట్ మధ్యలో కరెంటు తోస్తుండగా బీఎంఎస్ టక్కున తెగ్గొడితే, కాయిల్‌లో ఉన్న శక్తి పోవడానికి దారి లేక బయటి కొనల దగ్గర వోల్టేజీ ఎగబాకుతుంది. మంచి కంట్రోలర్ దాన్ని పట్టుకుని ఆగిపోతుంది, నాసిదైతే మాస్‌ఫెటో కెపాసిటరో పోతుంది. అందుకే ముందు బ్యాటరీ కలపాలి, ఆ తర్వాతే ప్యానెల్. తీసేటప్పుడు ముందు ప్యానెల్. అలాగే ఛార్జింగ్ వైరు ఛార్జింగ్ పోర్టుకే పెట్టు, మోటారుకి వెళ్ళే కొనకి కాదు. కొన్ని బ్యాటరీల్లో ఆ రెండు దారులూ వేరు, మోటారు వైపు నుంచి ఎక్కిస్తే బీఎంఎస్ కాపలా తప్పిపోతుంది. గడ్డకట్టే చలిలో, అంటే సెల్ సున్నా డిగ్రీల కంటే కింద ఉంటే, లిథియం బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టనే వద్దు.

ఫ్యూజు బ్యాటరీకి వీలైనంత దగ్గరగా, డీసీకి తగినది చూసి పెట్టు. ఏసీలో కరెంటు క్షణక్షణం సున్నాకి వచ్చిపోతుంది కాబట్టి నిప్పురవ్వ ఆరిపోతుంది, డీసీలో అది అలాగే సాగుతుంది. మామూలు ఏసీ స్విచ్‌తో 54 వోల్టులు తెగ్గొడదామనుకోకు.

ఎంత ఛార్జింగ్ వస్తుందో కూడా చెప్పేస్తాను. నిండు ఎండ ఐదు గంటలకి సమానంగా పడే రోజైతే, నష్టాలన్నీ పోను 375 వాట్ అవర్లు రావచ్చు. నీది 48 వోల్టులు, 15 యాంప్ అవర్లు అన్నావు, అంటే 720. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీ నిండడానికి రెండు మంచి రోజులు పడుతుంది. రోజూ సగమే వాడేవాడికి ఇది చాలదూ? ఆ 1.75 యాంపులు చిన్నదిగా కనిపిస్తుంది గానీ సెల్స్‌కి చాలా సుఖమైన కరెంటు. ఎవరో 12 వోల్టుల బ్యాటరీ, ఇన్వర్టరు, దాని మీద సైకిల్ ఛార్జరు పెట్టమన్నారని రాశావే, ఆ మూడు మెట్లూ దాటేసరికి ప్యానెల్ ఇచ్చినదాంట్లో మూడో వంతు పైనే దారిలో పోతుంది. దాని జోలికి పోకు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఒకటే. మీటర్ తీసుకుని మధ్యాహ్నం ఒకసారి, తెల్లవారి ఎండ తగలగానే ఒకసారి ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ కొలువు. సైకిల్ ఛార్జర్ మీద అవుట్‌పుట్ ఎంతని రాసి ఉందో చూడు, 54.6 అని ఉంటే 13 సెల్స్ లిథియమే. 58.4 అని ఉంటే అది 16 సెల్స్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం, అప్పుడు నేను పైన రాసిన సెట్టింగులు మార్చాలి. ఈ మూడు అంకెలూ, నువ్వు చూసిన కంట్రోలర్ మాన్యువల్ ఫోటో పంపు. అవి చూశాక కొనమనో వద్దనో చెప్తాను, అందాకా డబ్బు ఖర్చు పెట్టకు.

ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు.

నీ
మిత్రుడు