శరణార్థి శిబిరాలకు పాలడబ్బాలు పంచవద్దు

సంపాదకులకు,

హైదరాబాదులోని బాలాపూర్ పరిసరాల్లో తలదాచుకుంటున్న, మయన్మార్ నుంచి శరణార్థులుగా వచ్చిన రోహింగ్యా కుటుంబాలకు కొందరు దాతలు బియ్యం, దుప్పట్లతో పాటు పాలపొడి డబ్బాలు, పాలసీసాలు కూడా పంచుతున్నారు. వారి సదుద్దేశాన్ని శంకించడం లేదు గానీ, ఈ ఒక్క దానం మాత్రం పసిబిడ్డలకు మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

డబ్బా పాలు పట్టాలంటే మరిగించిన నీళ్లు, ప్రతిసారీ ఉడకబెట్టి శుభ్రం చేసిన సీసా, సరైన కొలత ఉండాలి. డ్రమ్ముల్లో పట్టి ఉంచిన నీళ్లతోనే రోజంతా నెట్టుకొచ్చే గుడిసెలో ఇవేవీ సాగవు. డబ్బా అడుగంటే వేళకు మరొకటి కొనే స్తోమత లేక, రెండు చెంచాలు వేయవలసిన చోట ఒకటే వేసి కలుపుతారు. ఈలోగా బిడ్డ రొమ్ము చీకడం తగ్గి తల్లికి పాలూ తగ్గిపోతాయి.

భయంతో, దిగులుతో పాలు ఎండిపోయాయని తల్లులే కాదు, వారి అత్తలూ గట్టిగా నమ్ముతారు. దిగులు వల్ల పాలు దిగడం కాస్త ఆలస్యం కావచ్చు గానీ, బిడ్డ చీకుతూ ఉంటే సాధారణంగా పాలు ఊరుతూనే ఉంటాయి. అసలు అడ్డంకి చాటు లేకపోవడం. పరదా పాటించే బాలింత, మామ, మరుదులు మెలిగే ఒంటి గదిలో గోడవైపు తిరిగి కొంగు కప్పుకొని పాలిస్తూ, ఎవరో వచ్చిన అలికిడి కాగానే బిడ్డను పక్కకు తీసేస్తుంది. పుట్టగానే ముర్రుపాలకు బదులు తేనె నాకించడం మరో ఇబ్బంది. మన ఇళ్లలోనూ అది పూర్తిగా పోలేదు కనుక వారినొక్కరినే తప్పుపట్టలేం.

2017 ఆగస్టు తర్వాత 7 లక్షల మందికి పైగా రోహింగ్యాలు చేరిన బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శిబిరాల్లో, తల్లులు నిశ్చింతగా పాలిచ్చుకునేందుకు, సలహా అడిగేందుకు ప్రత్యేకంగా చోటు కల్పించారు. ఇక్కడ అందుకు ఒక తడిక, ఒక తెర, ఉర్దూ తెలిసిన ఒక ఆరోగ్య కార్యకర్త చాలు.

అనాథాశ్రమాలకు మినహా ఎవరికీ పాలపొడిని గానీ పాలసీసాలను గానీ ఉచితంగా పంచరాదని మన 1992 నాటి చట్టమే నిషేధిస్తోంది. తల్లిని కోల్పోయిన బిడ్డల సంగతి వేరు. వారికేం పట్టాలో వైద్యులు నిర్ణయించాలి. ఈ రోహింగ్యాలు మన దేశంలో ఉండాలా వద్దా అన్న దానిపై ఎవరి వాదన వారిది. ఆ వాదన తేలేదాకా ఆధార్ అడగకుండా బాలింతలకు అంగన్‌వాడీ భోజనం పెట్టాలని, దాతలు ఆ డబ్బాల సొమ్ముతో గుడ్లు, పప్పులు కొని తల్లులకే ఇవ్వాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత నర్సు, హైదరాబాదు