ఎగవేతకూ పొరపాటుకూ తేడా లేదా?

సంపాదకులు గారికి నమస్కారం.

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో సేవా పన్ను (జీఎస్టీ రాకముందు సేవల మీద కేంద్రం వేసిన పన్ను) ఎగవేతదారులపై కొరడా అంటూ పెద్ద అక్షరాలతో వార్త వేశారు. పాత బకాయిల వసూలుకు అధికారులు నడుం కట్టారట. సంతోషం. ఆ రోజే రాయబోతే, కోపం తగ్గాక రాయండని మా ఆవిడ ఆపింది. తగ్గలేదు కాబట్టి రాస్తున్నాను.

అధికారులు మీ విలేకరికి చెప్పిన ఎగవేతదారుల లెక్కలో నాలాంటి వాళ్లు ఎంతమందో ఆయన అడిగినట్టు లేదు. నేను పన్ను ఎగ్గొట్టలేదు. కట్టడంలో తప్పు చేశాను. ఈ రెండింటికీ తేడా తెలియని వాళ్లు నాకు ఇద్దరే కనిపించారు. ఒకటి పన్ను శాఖ, రెండు మీ పత్రిక.

నాది చిన్న సెక్యూరిటీ ఏజెన్సీ. కొన్ని కంపెనీలకు గార్డుల్ని, నాలుగైదు అపార్ట్‌మెంట్లకు వాచ్‌మన్లను పెడతాను. కంపెనీలకు పంపిన గార్డుల మీద పన్నులో పావు వంతు నేను, ముప్పావు వంతు కంపెనీ కట్టాలని 2012లో రూలు పెట్టారు. 2015 ఏప్రిల్ నుంచి దాన్ని మార్చి, మొత్తం కంపెనీయే కట్టాలన్నారు. అపార్ట్‌మెంట్ల మీద మాత్రం మొదటి నుంచీ మొత్తం నేనే కట్టాలి. ఇది గుర్తుపెట్టుకోవడానికే ఒక గుమస్తా కావాలి. సరే, పెట్టుకున్నాను.

ఇక రేట్ల సంగతి. 2015 మే నెలాఖరు దాకా 12.36 శాతం. జూన్ 1 నుంచి 14. నవంబరు 15 నుంచి స్వచ్ఛ భారత్ సెస్ అనే అదనపు పన్ను కలిపి 14.5. నెలకు ఒకటో తేదీ అనేది ఒకటి ఉంటుందని ఢిల్లీలో ఎవరికీ తట్టలేదేమో. 2016 జూన్ 1 నుంచి కృషి కల్యాణ్ సెస్‌తో 15. సరిగ్గా ఏడాది తిరిగేసరికి నాలుగు రేట్లు చూశాం.

మా గుమస్తా 2015 డిసెంబరు, 2016 జనవరి అపార్ట్‌మెంట్ బిల్లుల్ని పాత 14 శాతంతోనే వేశాడు. బిల్లులు మొత్తం 4,60,000. అర శాతం తేడా అంటే 2,300 రూపాయలు. ఫిబ్రవరిలో నేనే కనిపెట్టి, అసోసియేషన్ వాళ్లను మళ్లీ అడగడానికి మొహం చెల్లక, నా జేబులోంచే వడ్డీతో సహా కట్టాను. అక్కడ రెండో తప్పు జరిగింది. సెస్‌కు వేరే పద్దు నంబరు ఉంటుందట. నేను సేవా పన్ను పద్దులో కట్టేశాను. ఎడమ జేబులో వేయాల్సిన డబ్బు కుడి జేబులో వేశానన్నమాట. రెండు జేబులూ ప్రభుత్వానివే.

2021 ఏప్రిల్‌లో, ఊళ్లో ఆక్సిజన్ సిలిండర్ల కోసం జనం పరుగులు పెడుతున్నప్పుడు, షోకాజ్ నోటీసు వచ్చింది. నా ఆదాయ పన్ను రిటర్నుకూ సేవా పన్ను రిటర్నుకూ 31 లక్షల తేడా ఉందట. ఉండదా మరి? ఆ 31 లక్షలు కంపెనీల నుంచి వచ్చినవి, వాటి మీద పన్ను కంపెనీలే కట్టాయి. అదేమీ చూడకుండా 14.5 శాతం చొప్పున 4,49,500 కట్టమన్నారు. వడ్డీ వేరే. జరిమానాగా ఇంకో 4,49,500 ఎందుకు వేయకూడదో చెప్పమన్నారు. నేను వాస్తవాలను ఉద్దేశపూర్వకంగా దాచానట! ఆదాయ పన్ను వాళ్లకు రూపాయితో సహా చూపించిన రాబడిని దాచడమేమిటో నాకైతే అర్థం కాలేదు. మా ఆడిటర్ నవ్వి చెప్పారు: 'ఆ మాట రాయకపోతే ఐదేళ్ల వెనకటి లెక్క తీయడానికి వాళ్లకు హక్కు ఉండదండీ.' అంటే గడువు దాటిపోయిన తలుపుకు తాళంచెవి ఆ మాట. అది తిప్పాలంటే నన్ను దొంగను చేయాలి.

అదే ఏడాది అక్టోబరులో ఈ శాఖకు పైనున్న పరోక్ష పన్నుల బోర్డే, ఆదాయ పన్ను లెక్కతో తేడా కనబడింది కదా అని పరిశీలించకుండా నోటీసులు ఇవ్వొద్దని అధికారులకు ఆదేశం పంపింది. మంచి పని. నా నోటీసు అప్పటికి ఆరు నెలల పాతది.

ఆఫీసులో అధికారి మర్యాదస్తుడే. 'మీరు చెప్పేది నిజమే సార్, కానీ సిస్టమ్‌లో వచ్చింది, ఆర్డర్‌లో చూసుకుంటారు' అన్నాడు. చూసుకోవడానికి రెండేళ్లు పట్టింది. కంపెనీల అగ్రిమెంట్లు, చలానాలు అన్నీ తెమ్మన్నారు. అందులో ఒక కంపెనీ మూతపడి మూడేళ్లు. దాని పాత అకౌంటెంట్‌ను హైదరాబాదులో వెతికి పట్టుకుని కాగితాలు తెచ్చాను. చివరికి 4,49,500 రద్దు చేశారు. 2,300 మాత్రం మిగిలింది. సెస్ పద్దులో పడలేదు కాబట్టి మళ్లీ వడ్డీతో కట్టాలి, పైగా 10,000 జరిమానా. ఆడిటర్ ఫీజు 25,000. అప్పీలుకు వెళ్లొచ్చుగా అంటారు. ఆ ఫీజు ఎవరిస్తారు?

ఈ చట్టంలోనే ఒకప్పుడు సెక్షన్ 80 ఉండేది. తగిన కారణం చూపిస్తే జరిమానా వేయకూడదని. 2015 మేలో తీసేశారు. సరిగ్గా రేట్లు మార్చే ఆట మొదలుపెట్టే ముందు! కావాలని చట్టాన్ని ధిక్కరిస్తే తప్ప మామూలుగా జరిమానా వేయకూడదని సుప్రీంకోర్టు 1969లోనే ఒక ఉక్కు సంస్థ అమ్మకపు పన్ను కేసులో చెప్పింది. 2012లో దేశమంతా పేరున్న ఒక ఆడిటింగ్ సంస్థ తన సొంత ఆదాయ పన్ను రిటర్నులోనే తప్పు చేస్తే, అంత తెలిసిన వాళ్లయినా సిల్లీ మిస్టేక్ చేయొచ్చు అని అదే కోర్టు జరిమానా రద్దు చేసింది. లెక్కలే వృత్తి అయిన వాళ్లకు పొరపాటు జరగొచ్చు, వాచ్‌మన్లను పెట్టుకునేవాడికి జరగకూడదు కాబోలు.

పోనీ ప్రభుత్వానికి క్షమించడం తెలియదా అంటే, తెలుసు. 2019లో సబ్‌కా విశ్వాస్ పథకం పెట్టారు. 50 లక్షల లోపు వివాదాల్లో ఉన్న పన్నులోనే 70 శాతం మాఫీ, వడ్డీ, జరిమానా మొత్తం మాఫీ. నాకు నోటీసు వచ్చేసరికి అది మూతపడి ఏడాది దాటింది. ఈమధ్య జీఎస్టీలోనూ తొలి మూడేళ్ల బకాయిలకు, 2025 మార్చి 31 లోపు పన్ను కడితే వడ్డీ, జరిమానా వద్దన్నారు. అడగ్గానే బుద్ధిగా రెండూ కట్టేసిన వాళ్లకు మాత్రం వాపసు లేదు. మొండికేసిన వాడు తెలివైనవాడు, చెప్పగానే కట్టినవాడు వెర్రివాడు అయ్యాడు.

వాళ్లు మనకు రీఫండు ఆలస్యం చేస్తే ఇచ్చే వడ్డీ 6 శాతం. మనం ఏడాది దాటి ఆలస్యం చేస్తే 2014 అక్టోబరు నుంచి 2016 మే దాకా వసూలు చేసిన వడ్డీ 30 శాతం. సంతలో తక్కెడ ఇలా తూస్తే కొట్టుకి తాళం వేసి పోతారు.

ఇక స్వచ్ఛ భారత్ సెస్ కోసమే కదా ఇంత గొడవ. మా ఆఫీసు ముందు మురుగు కాలువ ఆ సెస్ పుట్టకముందు ఎలా ఉందో అది పోయాకా అలాగే ఉంది. మధ్యలో చెత్త పన్ను అని ఇంకొకటి వచ్చి వెళ్లింది, దానికీ కాలువ చలించలేదు. వానొస్తే మా గార్డులు బెంచీ ఎక్కి డ్యూటీ చేస్తారు. దీనికి బాధ్యుడెవరు, ఆయనకు జరిమానా ఎంత అని మీ విలేకరి ఒకసారి అడిగి వార్త వేస్తే చదువుతాను.

జరిమానా నిరుడు కట్టేశాను. ఈసారి చలానా మీద పద్దు నంబరు నేను, గుమస్తా, ఆడిటర్ ముగ్గురం ఒకరి తర్వాత ఒకరం చదివి సరిచూసుకున్నాం.

— ఒక చిన్న సెక్యూరిటీ ఏజెన్సీ యజమాని, కృష్ణా జిల్లా