మెట్ల తలుపుకు తాళం వద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

విజయనగరం గంటస్తంభానికి దగ్గర్లో ఒక ఐదంతస్తుల కాంప్లెక్స్‌లో, నాలుగో అంతస్తులో మా అమ్మాయి ఉద్యోగం చేస్తోంది. కింద బట్టల షాపులు, పైన ఆఫీసులు, కోచింగ్ సెంటర్లు. మొన్న వానల్లో ఒక సాయంత్రం కింద మీటర్ బోర్డు దగ్గర వైర్లు కాలి పొగ లేచింది. కరెంటు పోయింది, లిఫ్ట్ ఆగింది. అందరూ సెల్‌ఫోన్ లైట్లు వేసుకుని మెట్ల మీదకు వచ్చారు. రెండో అంతస్తు దగ్గర మెట్ల మీద సగం మేర అట్టపెట్టెలు. వెనక ఇంకో మెట్ల దారి ఉంది. దానికి ఇనుప గ్రిల్లు, గ్రిల్లుకు తాళం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ టీకి వెళ్లాడు. ఎవరో మెయిన్ ఆపేయడంతో పొగ తగ్గింది, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రాత్రి మా అమ్మాయి అన్నం తినలేదు. "ముందున్నవాళ్లు ఆగిపోయారమ్మా, వెనకున్నవాళ్లు తోసేస్తున్నారు" అని అదే మాట మళ్లీ మళ్లీ చెప్పింది.

మర్నాడు వెళ్లి యజమానిని అడిగాను. "ఇన్నేళ్లలో ఏమీ కాలేదు కదమ్మా, తాళం తీస్తే దొంగలు పడతారు" అన్నారు. దొంగల భయం ఉత్తదని నేను అనను. కానీ బయటి నుంచి తెరవడానికి వీల్లేకుండా, లోపలి నుంచి నెడితే చాలు తెరుచుకునే తలుపులు ఉన్నాయి. పెద్ద మాల్స్‌లో అడ్డంగా ఒక కడ్డీతో కనిపించేవి అవే. ఆ కాంప్లెక్స్‌కు వచ్చే అద్దెల్లో అదేమంత ఖర్చు?

సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌ను అప్పుడే మరిచిపోయామా? 2023 మార్చి 16 సాయంత్రం అక్కడ మంటలు లేచి ఆరుగురు చనిపోయారు. అందరూ ఇరవై దాటీ దాటని పిల్లలే, పని కోసం ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. ఊపిరాడక పోయారు. 2010 ఫిబ్రవరి 23న బెంగళూరులో కార్ల్‌టన్ టవర్స్ అనే ఆఫీసు భవనంలో మంటలు లేచి 9 మంది పోయారు. పొగకు తాళలేక కిటికీల్లోంచి దూకినవాళ్లు వాళ్లలో ఉన్నారు. ఆ వార్త చదివిన రోజు అంత పైనుంచి ఎలా దూకారా అనుకున్నాను. ఇప్పుడు అర్థమవుతోంది.

పొగ పైకి పోతుంది. మెట్ల గది కింది నుంచి పైదాకా గొట్టంలా ఉంటుంది కాబట్టి తలుపులు లేకపోతే పొగకు అదే దారి, మనుషులకూ అదే దారి. అందుకే ఎత్తైన భవనాల్లో ప్రతి అంతస్తులోనూ మెట్ల గదికి మంటను ఆపే తలుపు పెట్టమంటారు. ఆ తలుపు మూసి ఉండాలి, తాళం మాత్రం ఉండకూడదు. మన దగ్గర దానికి ఇటుక అడ్డం పెట్టి గాలి కోసం తెరిచి ఉంచుతారు, కింద గ్రిల్లుకేమో తాళం వేస్తారు.

"ఐదంతస్తులకే ఇంత టెన్షన్ ఎందుకు, ఇదేమన్నా న్యూయార్కా" అని మా బంధువు ఒకాయన అన్నారు. న్యూయార్క్ సంగతే చెబుతాను. అక్కడి వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట టవర్లలో ఒక్కొక్కటీ 110 అంతస్తులు. 1993లో కింది పార్కింగ్‌లో బాంబు పేలినప్పుడు కరెంటు పోయి, పొగ కమ్మి, చీకటి మెట్ల మీద జనం బయటపడటానికి గంటలు పట్టింది. ఆ తర్వాత వాళ్లు మెట్లకు కరెంటు పోయినా వెలిగే దీపాలు పెట్టారు, చీకట్లో మెరిసే రంగు గీతలు వేశారు, ఉద్యోగులతో దిగే అభ్యాసం చేయించారు. 2001లో విమానాలు ఢీకొన్న అంతస్తులకు కింద ఉన్నవాళ్లలో చాలా ఎక్కువ మంది ప్రాణాలతో బయటపడ్డారు. దక్షిణ టవర్‌లో పై అంతస్తుల వాళ్లకు ఒకే ఒక్క మెట్ల దారి మిగిలింది. దాన్ని పట్టుకుని దిగిన కొద్దిమంది బతికారు.

మన దేశంలో 2016 నాటి జాతీయ భవన నిర్మాణ కోడ్ 15 మీటర్లు, ఆపైన ఉన్నదాన్ని హైరైజ్, అంటే ఎత్తైన భవనం అంటుంది. షాపుల అంతస్తులు ఎత్తుగా కడతారు కాబట్టి ఐదు లేస్తే ఆ లెక్కకు దగ్గరపడినట్టే. భోగాపురం విమానాశ్రయం వల్ల ఇక ఇటువైపు ఇంకా పెద్దవి లేస్తాయని అందరూ అంటున్నారు. లేవనివ్వండి, మన పిల్లలు పని కోసం విశాఖ, హైదరాబాద్ పోనక్కర్లేదు. నేను ఎత్తుకు వ్యతిరేకిని కాను.

ఇంకొక్క మాట. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజున మూడు లాంతర్ల నుంచి కోట దాకా దారి పొడవునా డాబాల మీద, బాల్కనీల్లో జనం నిండిపోతారు. చంటిపిల్లల్ని ఎత్తుకుని ఎక్కేవాళ్లు ఎంతమందో! ఆ ఒక్కరోజైనా ఈ భవనాల మెట్లు ఖాళీగా ఉన్నాయో లేదో ఎవరైనా చూస్తున్నారా?

నగరపాలక సంస్థ, అగ్నిమాపక శాఖ అధికారులు కలిసి ఊళ్లోని ప్రతి కాంప్లెక్స్‌లో మెట్ల దారులు చూడాలి. ఆమోదించిన ప్లానులో ఎన్ని మెట్ల దారులు ఉన్నాయో, సెల్లార్ దేనికి కేటాయించారో గుమ్మం దగ్గర తెలుగులో బోర్డు పెట్టించాలి. అప్పుడు లోపల పనిచేసేవాళ్లే అడగగలుగుతారు. ముందుగా కబురు చేసి పగటిపూట తనిఖీకి వస్తే అట్టపెట్టెలు కనబడవు. సాయంత్రం ఆరింటికి చెప్పకుండా వచ్చి, కరెంటు తీయించి, నాలుగో అంతస్తు నుంచి ఒకసారి మెట్లు దిగి చూడమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఉద్యోగిని తల్లి,
విజయనగరం